పై అంతస్తులో చప్పట్లు

పోయినవారం కథలో పిట్టను మెట్ల దగ్గర నిలబెట్టి వదిలేశాం. ఒకే భవనం, ఒకటే మెట్లదారి. కింద, వీధి వైపు గదుల్లో, మొగుళ్ళ చేతుల్లో దెబ్బలు తినే ఆడవాళ్ళ కోసం నడిచే సహాయ కేంద్రం. పైన, రెండో అంతస్తు హాల్లో, పందేల పిచ్చి పట్టినవాళ్ళ చేత ఆ పిచ్చి మాన్పించే సంఘం. కళ్ళద్దాల షాపులో అద్దాలు బిగించే పని చేసే పిట్ట ఆరు నెలల కిందట కింది గదిలోకి అడుగుపెట్టింది. బట్టల సంచి సర్దుకుని, కూతుర్ని తీసుకుని వెళ్ళిపోవడానికి సిద్ధపడింది. సరిగ్గా ఆ రోజే ఆమె భర్త, లిఫ్టులు బాగుచేసే మెకానిక్, కాళ్ళు పట్టుకుని ఏడ్చాడు. ఇక ఫోన్లో పందెం కాస్తే తను మనిషినే కాదన్నాడు. మర్నాడే పై హాల్లో చేరాడు. పిట్ట ఆగిపోయింది.

ఈ శనివారం మధ్యాహ్నం, అతను ఆట మానేసి అర్ధసంవత్సరం గడిచినందుకు పైన చిన్న సభ. అత్తగారినీ పాపనూ వెంటబెట్టుకుని సభకు బయలుదేరిన పిట్ట, కింది కేంద్రం గుమ్మం కనబడగానే మెట్ల మొదట్లో ఆగింది. ఆమె ఎడమచేతి రెండు వేళ్ళకు కట్టు ఉంది.

"ఏంటి, దిష్టిబొమ్మలా నిలబడ్డావు? పద," అంది అత్తగారు వెనకనుంచి.

పిట్ట నడిచింది. కిందికి కాదు, పైకే.

హాల్లో ప్లాస్టిక్ కుర్చీలు గుండ్రంగా వేసి ఉన్నాయి. మగవాళ్ళు లోపలి వరసలో, భార్యలూ తల్లులూ గోడ వారగా. మూల బల్ల మీద టీ కెటిలు, పక్కన బిస్కెట్ల పళ్ళెం. మెకానిక్ అప్పటికే వచ్చి కుర్చీలు సర్దుతున్నాడు. ఇస్త్రీ చొక్కా, నున్నగా గీసిన గెడ్డం. ఎవరు లోపలికి వచ్చినా ఎదురెళ్ళి చెయ్యి కలుపుతున్నాడు. ఆ సంఘంలో అతనంటే అందరికీ ఇష్టం. చెడిపోయిన ఫ్యాను బాగుచేసిందీ అతనే, కొత్తగా చేరినవాళ్ళు మధ్యలో లేచి వెళ్ళిపోబోతే భుజం మీద చెయ్యేసి వెనక్కి తీసుకొచ్చేదీ అతనే.

"రండి రండి, మన హీరో ఇంటివాళ్ళు," అన్నాడు బ్యాంకు క్యాషియరు. రిటైరయ్యాడు, గుర్రప్పందాల్లో ఇల్లు పోగొట్టుకున్నాడు. "ఇవాళ సభ టైముకి మొదలవదని లారీ ఓనరుతో పందెం వేశానమ్మా. తర్వాత గుర్తొచ్చింది, మనం మానేశాం కదా అని!"

చుట్టూ ఉన్నవాళ్ళు ఘొల్లున నవ్వారు. పిట్ట కూడా నవ్వింది. ఆ నవ్వు ముఖానికి అంటుకుని ఎంతకీ ఊడిరాలేదు.

కౌన్సెలర్ గారు లేచి నిలబడ్డారు. భారీ మనిషి, గొంతు మాత్రం మెత్తన. ఆయనా ఒకప్పుడు ఆటలో మునిగినవాడే. ఉన్న షాపు పోయాక, భార్య పోయాక తేరుకుని, చదువుకుని ఈ పని మొదలుపెట్టారు. ఆయన మాటల్లో కల్లాకపటం ఉండదని అక్కడ చేరిన ప్రతివాడికీ తెలుసు.

"మనల్ని మనం నమ్ముకోలేం," అన్నారు. "అందుకే మనకో నియమం ఉంది. బ్యాంకు కార్డు ఇంటి ఆడవాళ్ళ చేతిలో. ఫోను ఇంటి ఆడవాళ్ళ చేతిలో. మనం తలుపులమైతే వాళ్ళు తాళాలు. ఇతను ఇవాళ ఇలా నిలబడ్డాడంటే ఆ తాళం గట్టిది కాబట్టే. అమ్మా, ముందుకొచ్చి రెండు మాటలు చెప్పండి."

చెప్పాల్సిన మాటలు పిట్ట దగ్గర ఉన్నాయి. ఉదయం పాపకు జడలు వేస్తూ అవే వల్లెవేసుకుంది. అందరికీ కృతజ్ఞతలు, మా ఇంట్లో మళ్ళీ వెలుగొచ్చింది, మా పాపకు నాన్న దొరికాడు. అందులో అబద్ధమంటూ పెద్దగా లేదు. మొదటి రోజుల్లో అతను పొద్దుండగానే ఇంటికి వచ్చేవాడు. పాపకు సైకిల్ నేర్పాడు. ఒక సాయంత్రం పిట్ట కాళ్ళు లాగుతున్నాయంటే గిన్నెలు కూడా తోమిపెట్టాడు.

ఆమె కుర్చీల మధ్యకు వెళ్ళి నిలబడింది. కట్టు కట్టిన చెయ్యి వెనక పెట్టుకుంది.

"అందరికీ నమస్కారం. మీ అందరికీ... సార్‌కి..."

"చేతికి ఏమైందమ్మా?" అని అడిగారు కౌన్సెలర్ గారు. మామూలుగానే అడిగారు, ఇంటికొచ్చిన చుట్టాన్ని పలకరించినట్టు.

పిట్ట నోరు తెరిచేలోపే మెకానిక్ కుర్చీలోంచి అందుకున్నాడు. "షాపులో అద్దాలు అరగదీసే మిషను ఉంటుంది సార్. ఎన్నిసార్లు చెప్పినా జాగ్రత్తుండదు."

ఆ మాట అన్నప్పుడు అతని గొంతులో ఎంతో ప్రేమ ఉంది. ఆ ప్రేమ వినబడకపోయి ఉంటే పిట్ట తలూపి ఊరుకునేదేమో. షాపు నడిపే పెద్దాయనకు తనూ అబద్ధమే చెప్పింది, ఇంట్లో తలుపు సందులో వేళ్ళు నలిగాయని. ఆయన నమ్మినట్టే ఉండి, ఆమె చేతిలోంచి చిన్న స్క్రూడ్రైవర్ తీసుకుని, వేళ్ళు నయమయ్యేదాకా అద్దాలు తుడిచే పనిలో పెట్టాడు. కళ్ళజోడు మడతలో మరను కంటికి కనబడనంత సన్నగా ఉన్నా ఒక్క తిప్పుతో కూర్చోబెట్టగల చెయ్యి అది. ఆ చేత్తో ఇప్పుడు గుడ్డ పట్టుకోవడమే కష్టంగా ఉంది.

"మిషను కాదండి," అంది పిట్ట. "డ్రాయరు."

లోపలి వరసలో మగవాళ్ళు ఆమె వైపు తిరిగారు.

"మా ఇంట్లో బల్లకి డ్రాయరు ఉంటుంది. కార్డు అందులో పెడతానని ఆయన అనుకున్నారు. అందులో లేదు. నా చెయ్యి అందులో పెట్టి మూశారు."

"పిట్టా," అన్నాడు మెకానిక్ నెమ్మదిగా.

"చెప్పనీయండి. మళ్ళీ చెప్పలేను." ఆమె ఎవరి వైపూ చూడలేదు. నేల మీద ఒక కుర్చీ కాలునే చూస్తూ మాట్లాడింది. "పందెం ఓడిపోయిన రోజు కొట్టేవారు. పాపం, పోగొట్టుకున్న మనిషి కదా, ఆ మంట అనుకున్నా. గెలిచిన రోజూ కొట్టేవారు. గెలిస్తే నీ మొహంలో సంతోషం లేదేంటని. అప్పుడూ ఏదోటి అనుకున్నా. ఆట మానేస్తే అంతా సర్దుకుంటుందనుకున్నా. అందరూ అదే చెప్పారు. నేనూ అదే పట్టుకుని కూర్చున్నా. ఇప్పుడు ఆట మానేశారు. నిజంగానే మానేశారు, నేనే సాక్ష్యం. కానీ రోజూ సాయంత్రం వచ్చి, నా డబ్బు నేను నిన్ను అడుక్కోవాలా అని మొదలుపెడతారు. అడుక్కుతినేవాణ్ణి చేశావంటారు. సార్, ఇన్నాళ్ళూ ఆ ఆటే కొడుతోందనుకున్నానండి. కొడుతోంది ఆయనే."

చివరి మాట చెప్పాక ఆమెకు ఒళ్ళంతా తేలికైనట్టు అనిపించింది. పదిమంది ముందు చెప్పేసింది. ఇంక దాన్ని ఎవరూ లేదనలేరు. ఇప్పుడు ఎవరో ఒకరు లేస్తారు, ఏదో ఒకటి జరుగుతుంది.

లేచింది మెకానిక్.

అతను కుర్చీ పక్కకు జరిపి, గుండ్రం మధ్యకు వచ్చి, రెండు చేతులూ ముఖానికి కప్పుకున్నాడు. భుజాలు ఎగిరెగిరి పడ్డాయి. "నిజమే సార్," అన్నాడు. "ఆవిడ చెప్పిన ప్రతి అక్షరం నిజం. మిషను అని నేనే అబద్ధం చెప్పా. ఇందాక కూడా చెప్పా. నేను నీచుణ్ణి. మీ అందరి ముందూ ఒప్పుకుంటున్నా."

క్యాషియరు కళ్ళు తుడుచుకుంటూ చప్పట్లు కొట్టాడు. పక్కవాడు కొట్టాడు. లారీ ఓనరు లేచి వెళ్ళి మెకానిక్‌ను గట్టిగా కౌగిలించుకున్నాడు. చూస్తుండగానే హాలంతా చప్పట్లతో మోగిపోయింది. గోడ వారన కూర్చున్న ఆడవాళ్ళలో కూడా కొందరు కొట్టారు. పాప బిస్కెట్ నోట్లో పెట్టుకుని, నాన్నకోసం అందరూ కొడుతున్నారు కదా అని తనూ రెండు చేతులూ కలిపింది.

పిట్ట నిలబడ్డ చోటే ఉండిపోయింది. ఇన్నాళ్ళూ గుండెల్లో దాచుకున్న ఆ ఒక్క మాటను కూడా అతను ఆమె చేతిలోంచి లాక్కున్నాడు. కొట్టింది అతనే, ఒప్పుకున్నదీ అతనే. మెచ్చుకోలూ అతనికే దక్కింది.

"చూశారామ్మా," అన్నారు కౌన్సెలర్ గారు తడి గొంతుతో. "ఇంతమంది ముందు తప్పు ఒప్పుకోవడానికి ఎంత గుండె కావాలి! ఆట మానినప్పుడు కోపం పొంగుతుంది. మేమందరం ఆ దశ దాటి వచ్చినవాళ్ళమే. కొంచెం ఓపిక పట్టండి."

"రేపటినుంచి కార్డు ఎవరి దగ్గర ఉంటుందండి?" అంది పిట్ట.

ఆయన తెల్లబోయారు. "మీ దగ్గరేనమ్మా. అది నియమం."

"నాకొద్దండి. మీరు పెట్టుకోండి. ఇంకెవరికైనా ఇవ్వండి."

"అలా అంటే ఎలాగమ్మా? మీరు వదిలేశారంటే అతను మళ్ళీ పడిపోతాడు. ఇన్ని నెలల కష్టం మట్టిపాలైపోతుంది."

"దగ్గర పెట్టుకుంటే దెబ్బలు. ఇచ్చేస్తే మళ్ళీ ఆట, మళ్ళీ దెబ్బలు. ఏం చేయమంటారో మీరే చెప్పండి."

 కౌన్సెలర్ గారు మంచివారు, అందుకే అబద్ధం చెప్పలేకపోయారు. "చూడమ్మా, మాకు నేర్పింది పందేల వరకే. ఇంట్లో చెయ్యి చేసుకోవడం లాంటివి మా పరిధిలోకి రావు. వాటికి వేరే ఆఫీసులుంటాయి."

"ఎక్కడుంటాయండి?"

"కనుక్కుని చెప్తాను," అన్నారాయన మనస్ఫూర్తిగా. కాళ్ళ కిందే ఉన్న ఆ ఆఫీసు గుమ్మం ముందునుంచే ఆయన రోజూ మెట్లెక్కి వస్తారు.

తర్వాత బ్యాడ్జి పెట్టే కార్యక్రమం. మానేసినవాడి చొక్కాకు ఇంటావిడే పెట్టాలట. ఎవరో ఆ రేకు బిళ్ళను తెచ్చి పిట్ట అరచేతిలో పెట్టారు. వాపు వేళ్ళతో పిన్ను పట్టుకోవడానికి తంటాలు పడుతుంటే, మెకానిక్ ఆమెకు అందేలా ముందుకు వంగాడు. అతని కళ్ళు ఇంకా తడిగానే ఉన్నాయి. పెదవులు ఆమె చెవికి ఆనుకునేంత దగ్గరకు వచ్చాయి.

"ఇంటికి రా," అన్నాడు. చిరునవ్వుతోనే అన్నాడు.

మళ్ళీ చప్పట్లు.

అందరూ టీ కోసం లేచారు. మెకానిక్ చుట్టూ జనం మూగారు. పిట్ట గోడ వైపు వచ్చేసరికి, ఎప్పుడూ మాట్లాడని ఒక నడివయసు ఆవిడ ఆమె చెయ్యి పట్టుకుని ఆపింది. "మా ఇంట్లోనూ కార్డు నా దగ్గరే ఉంటుంది," అంది గుసగుసగా.  ఆవిడ భర్త ఇటు తిరగగానే చెయ్యి వదిలేసి, చక్కెర ఎక్కడుందని ఎవర్నో అడుగుతూ వెళ్ళిపోయింది.

"పాపా, రామ్మా. చేతులు కడుక్కుందాం," అంది పిట్ట.

"నేనూ వస్తా," అని అత్తగారు లేచింది.

"మీరు కూర్చోండి అత్తయ్యా, ఇప్పుడే వస్తాం."

"వస్తానంటున్నాగా!"

ఆవిడ పాప రెండో చెయ్యి పట్టుకుంది. ఇద్దరి మధ్యా పాప, ముగ్గురూ మెట్లు దిగారు. పంపులున్న మలుపు దాటాక కూడా పిట్ట ఆగకపోయేసరికి అత్తగారికి అర్థమైంది.

"ఎక్కడికి?"

"మీకు తెలుసు."

"అంతమందిలో మొగుడి పరువు తీశావు. అది చాల్లేదా? నవ్వుతున్నాడని సంతోషించకు, వాడికి లోపల ఎంత కుతకుతలాడుతోందో నాకు తెలుసు."

"నాకూ తెలుసు. అందుకే ఇంటికి రాను. మీకు ఇష్టమైతే వెళ్ళి చెప్పండి."

అత్తగారు చెప్పడానికి వెళ్ళలేదు. పాప చెయ్యీ వదల్లేదు. సణుగుతూనే వెనక వచ్చింది.

సహాయ కేంద్రంలో కేంద్రం అక్క ఒక్కతే ఉంది. ఆవిడను అందరూ అలాగే పిలుస్తారు. పొద్దున్నుంచీ ఫోన్లు మాట్లాడి మాట్లాడి గొంతు బొంగురుపోయింది. తినే వేళ ఎప్పుడో దాటిపోయిన అన్నం డబ్బా బల్ల మీద తెరిచి పెట్టుకుని ఉంది. పిట్టను చూడగానే మూత పెట్టేసి, మూలనున్న బొమ్మల పెట్టె పాప ముందుకు జరిపింది. వేళ్ళ వంక చూసింది. ఏమైందని అడగలేదు.

"కూర్చో," అంది. వెంట వచ్చింది ఎవరన్నట్టు చూసింది.

"మా అత్తయ్య."

కేంద్రం అక్క ముఖంలో అనుమానం కదిలింది. అయినా పొమ్మనలేదు. అత్తగారు పిల్లల కోసం వేసిన పొట్టి కుర్చీలో మోకాళ్ళు గెడ్డానికి తగిలేలా కూర్చుంది.

"పైన చెప్పేశానక్కా," అంది పిట్ట. "అందరి ముందూ చెప్పేశా. చప్పట్లు కొట్టారు."

"నీకా?"

"ఆయనకి."

కేంద్రం అక్క కళ్ళు మూసుకుని తెరిచింది. "అతను మానేశాడని నువ్వు ఫోన్లో చెప్పిన రోజు నాకూ ప్రాణం లేచొచ్చింది. ఒక్క ఇల్లయినా దానంతటదే చక్కబడిందనుకున్నా. అలా అనుకుంటేనే నాకు ఆ పూట అన్నం సహిస్తుంది మరి. ఇప్పుడు ఇంటికి వెళ్ళలేవు కదా?"

"వెళ్తే ఇవాళ వేళ్ళతో పోదు."

అక్క ఫోను అందుకుని, ఇలాంటి ఆడవాళ్ళు తలదాచుకునే ఇళ్ళకు వరసగా చేసింది. మొదటి ఇంట్లో చోటు లేదన్నారు. పోయినసారి పిట్ట కోసం అట్టేపెట్టిన గది అదే. వేరే తల్లీబిడ్డలు ఉంటున్నారు. రెండో చోట ఎవరూ ఎత్తలేదు. మూడో చోట చాలాసేపు మాట్లాడింది, బతిమాలింది, ఒకసారి గట్టిగా అరిచింది కూడా. ఫోను పెట్టేసి పిట్ట వైపు తిరిగింది.

"ఒక మంచం ఉంది. గది కాదు, మంచం. ఇంకో నలుగురు ఆడవాళ్ళుంటారు అదే గదిలో. నువ్వూ పాపా సర్దుకోవాలి. ఊరికి దూరం. కారు పంపిస్తారు, వెనక సందులోకి వస్తుంది. నేనేమీ దాచను, అన్నీ విను. నీ ఫోను ఇక్కడే వదిలెయ్యాలి. పాప బడి ఆగిపోతుంది. షాపు మానెయ్యాలి."

"షాపు ఎందుకక్కా? పెద్దాయన మంచివాడు. ఎవరికీ చెప్పడు."

"ఆయన చెప్పక్కర్లేదమ్మా. మీ ఆయన షాపు ముందు నిలబడితే చాలు. అతనికి తెలిసిన చోటు ఒక్కటి మిగిలినా నువ్వు దాక్కున్నట్టు కాదు."

"ఎన్నాళ్ళు?"

"అక్కడ మూడు నెలలు ఉండనిస్తారు."

"తర్వాత?"

కేంద్రం అక్క అన్నం డబ్బా పక్కకు జరిపింది. "తర్వాత సంగతి నాకు తెలీదు. ఏదో దారి దొరుకుతుందని ఇంకెవరికైనా చెప్తానేమో. నీకు చెప్పబుద్ధి కావట్లేదు."

పిట్ట తన చేతుల్లోకి చూసుకుంది. అద్దం అంచు వేలితో తడిమి, ఎక్కడ ఇంకో రవ్వ అరగాలో చెప్పగలిగిన చేతులు. ఆ పని నేర్చుకోవడానికి ఆమెకు చాలా ఏళ్ళు పట్టింది. "అంటే తప్పు ఆయనది. మాయమైపోవాల్సింది నేను. ఆయన మాత్రం బిళ్ళ పెట్టుకుని అదే ఇంట్లో, అదే ఉద్యోగంలో ఉంటారు."

"అంతే," అంది కేంద్రం అక్క. "ఆ మాట ఈ కుర్చీలో కూర్చున్న ప్రతి ఆడదీ అడుగుతుంది. నాకు ఇంతవరకు సమాధానం దొరకలేదు."

పాప బొమ్మల పెట్టెలోంచి చక్రాలు లేని లారీ ఒకటి తీసి నేల మీద తోస్తోంది. అది గరగరమంటూ పోతోంది. ఆ చప్పుడులో, అత్తగారు అడిగింది పిట్టకు మొదట వినబడలేదు.

"ఏమన్నారు?"

"ఆ మంచం మీద ముగ్గురం పడతామా అని."

పిట్ట తిరిగి చూసింది. అత్తగారు తన రవిక చేతిని భుజం దాకా పైకి లాగింది. మోచేతికి పైన, ముడతలు పడిన చర్మం మీద, నాలుగు వేళ్ళ అచ్చు నల్లగా ఉంది. దాని పక్కన ఇంకొకటి, మానడం మొదలై పసుపు తిరిగింది.

"నువ్వు షాపుకి వెళ్ళాక," అంది అత్తగారు. ఎవరో పక్కింటివాళ్ళ సంగతి చెబుతున్నట్టు చెప్పింది. "కార్డు నువ్వెక్కడ దాస్తావో చెప్పమని. నాకు తెలుసు కూడా. బియ్యం డబ్బా అడుగున దాస్తావు. చెప్పలేదు."

 ఇన్ని నెలలూ పిట్ట తన మీద చాడీలు చెప్పేది ఈవిడే అనుకుంది. కార్డు చోటు మార్చినప్పుడల్లా ఈవిడ కంటబడకుండా చూసుకుంది.

"ఎందుకు చెప్పలేదు అత్తయ్యా, ఆయనకి?"

"చెప్తే వాడు మళ్ళీ ఆ ఫోను పట్టుకుంటాడు. నా కొడుకుని నేను కాపాడుకుంటున్నా అనుకున్నా. రెండు దెబ్బలు తింటే ఏం పోయింది, వాడు బాగుపడతాడు అనుకున్నా. నువ్వు అనుకున్నట్టే." ఆవిడ రవిక చెయ్యి కిందికి దించింది. "పైన ఇందాక నువ్వు అన్నావు చూడు, కొట్టేది ఆట కాదు ఆయనే అని. అప్పటిదాకా ఆ మాట నాకు తట్టలేదే."

"నాకు ఎందుకు చెప్పలేదు?"

"ఏమని చెప్పను? మొగుడు కొట్టాడంటే లోకం అయ్యో అంటుంది. కొడుకు కొట్టాడంటే నువ్వెలా పెంచావని అడుగుతుంది. దానికి నా దగ్గర జవాబు ఉందా?"

పిట్ట లేచి వెళ్ళి ఆవిడ పొట్టి కుర్చీ పక్కన కూర్చుంది. ఇద్దరికీ ఒకరినొకరు ముట్టుకునే అలవాటు లేదు. ఇప్పుడూ ముట్టుకోలేదు.

కేంద్రం అక్క మళ్ళీ ఫోను తీసింది, మళ్ళీ అదే మూడో చోటుకి చేసింది. ఈసారి మాటలు త్వరగా అయిపోయాయి. "ఒప్పుకోవట్లేదు," అంది అత్తగారి వైపు చూడలేక. "తల్లినీ చిన్నపిల్లల్నీ మాత్రమే తీసుకుంటారు. కొడుకుల దగ్గర ఇబ్బందిపడే పెద్దవాళ్ళ కేసులు వేరే ఆఫీసు చూస్తుంది. ఇవాళ మూసేశారు. సోమవారం తెరుస్తారు."

అత్తగారు నవ్వింది. నిజంగానే నవ్వింది, పళ్ళు కనబడేలా. "సోమవారం దాకా వాడికి ఏం వండిపెట్టమంటావమ్మా?"



పైన కుర్చీలు జరుపుతున్న చప్పుడు మొదలైంది. సభ ముగిసింది. మెట్ల మీద అడుగులు, వీడ్కోళ్ళు, క్యాషియరు నవ్వు. కేంద్రం అక్క లేచి వీధి తలుపు గడియ పెట్టింది. కిటికీ తెర లాగింది. వెనక గది తలుపు తెరిచి సందులోకి తొంగిచూసింది. కారు ఇంకా రాలేదు.

అడుగులన్నీ వీధిలోకి వెళ్ళిపోయాయి, ఒక్క జత తప్ప. అవి ఈ గుమ్మం ముందు ఆగాయి. తలుపు మీద వేళ్ళతో తట్టిన చప్పుడు, మర్యాదగా.

"అమ్మా," అన్నాడు మెకానిక్. "లోపల ఉన్నావా?"

లిఫ్టులో ఇరుక్కుపోయి కంగారుపడేవాళ్ళకు తలుపు అవతలనుంచి ధైర్యం చెప్పే గొంతు అది. ఆ గొంతు వింటే ఎంతటివాళ్ళయినా కుదుటపడతారని అతని ఆఫీసులో చెప్పుకుంటారు.

పాప లారీ తోయడం ఆపి తల్లి ముఖం చూసింది. పిట్ట ఒక్క ఉదుటున పాపను ఎత్తుకుని, నోటి మీద అరచెయ్యి కప్పింది. కేంద్రం అక్క ఆ ఇద్దర్నీ వెనక గదిలోకి తోసి, ఫోనులో ఏవో అంకెలు నొక్కసాగింది. 

అత్తగారు పొట్టి కుర్చీ పట్టుకుని మెల్లగా లేచింది. పిట్ట తలుపు సందులోంచి తల అడ్డంగా ఊపింది, వద్దన్నట్టు. ఆవిడ చూడనట్టే వెళ్ళి గడియ మీద చెయ్యి వేసింది. 

"ఆ, ఉన్నా నాన్నా. కళ్ళు తిరిగితే మంచినీళ్ళు అడిగి కూర్చున్నా. నీ పెళ్ళాం పాపని తీసుకుని ఎటో వెళ్ళింది, నాకు చెప్పలేదు. నేనొక్కదాన్నే ఉన్నా. వస్తున్నా, పద. ఇంటికి పోదాం."

 వెనక గదిలో పిట్ట, పాప ఊపిరి తన అరచేతికి వెచ్చగా తగులుతుంటే, సందు వైపు చెవి పెట్టింది. కారు చప్పుడు లేదు. ఎక్కడికి వెళ్ళినా గుమ్మం బయటే విప్పి, జతగా, బుద్ధిగా పెట్టాలని పాపకు నేర్పింది తనేనన్న సంగతి అప్పటికి ఆమెకు తట్టలేదు.

"సరేనమ్మా," అన్నాడు మెకానిక్ ఎంతో నెమ్మదిగా. "మరి పాప చెప్పులు ఇక్కడున్నాయేంటి?"